తంత్రియు విద్యుత్తును



నేడు నేను మాటలాడదలచిన విషయము మన గ్రామములకు దూరమైనదిగా తోచవచ్చును. విద్యుత్తుతో పలుకు వాయులీనమును, దానికి తోడుగా కచేరి జరుగుచుండగనే ధ్వనిని మార్చు యంత్రములును కూడి చేయు నూతన సంగీత ప్రయోగమే ఆ విషయము. మొదటిదానిని ఎలక్ట్రిక్ వయొలిన్ అనియు, రెండవదానిని లైవ్ ఎలక్ట్రానిక్స్ అనియు అందురు. పసుపు బేరములు సాగు ఆర్మూరులో కాపురముండు ఒక బడిపంతులునకు దీనితో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. దేవాలయమున ఏ వాద్యము మ్రోగవలెనో, ఉత్సవమునకు పోగయిన చందాలో ఎంత సొమ్ము ఎవరికీయవలెనో, ఇంటిలో మనుమడు ఏ విద్య నేర్వవలెనో నిర్ణయించువారు మీవంటి పెద్దలే. ఆ నిర్ణయముల నడుమకు విద్యుత్తు ఎన్నడో వచ్చి కూర్చున్నది. అది దేనిని నిలుపును, దేనిని చెఱచును అను వివేకము లేనిచో తీర్పు తప్పును.

మన పెద్దలలో తఱుచుగా వినబడు మాట యొకటి కలదు: కరెంటు తగిలిన సంగీతము సంగీతము కాదని. ఈ మాటను తూచి చూచుటకు ముందు వాయులీనము మన యింటికెట్లు వచ్చినదో జ్ఞప్తి చేసికొనవలెను. ఫిడేలు మన దేశపు వాద్యము కాదు. అది ఐరోపాఖండము నుండి తెల్లవారితో వచ్చినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 1786లో జన్మించినవారు. మద్రాసు సమీపమున మణలిలో నుండగా ఆయన ఒక ఐరోపీయుని యొద్ద ఆ వాద్యము నభ్యసించి, మన రాగములను దానిపై పలికించిరి. తంజావూరు సోదరులలో నొకడగు వడివేలునకు తిరువాన్కూరు ప్రభువు స్వాతి తిరునాళ్ దంతపు వాయులీనమును బహూకరించెను. బాలుస్వామి వారి దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులే 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని ప్రకటించిన మహనీయుడు. అరవదేశమందలి ఎట్టయపురమున వెలసిన ఆ మహాగ్రంథము తెలుగున వ్రాయబడినది.

పరదేశపు వాద్యము మనదెట్లయినది? దానిని మనవారు మార్చుకొనిరి. పాశ్చాత్యులు నిలుచుండి గడ్డము క్రింద నొక్కిపట్టి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, ఒక కొన ఱొమ్మునకును రెండవ కొన పాదమునకును ఆనించి, ఎడమచేయి తీగపై స్వేచ్ఛగా జాఱునట్లు చేసికొనిరి. తీగల శ్రుతిని షడ్జ పంచమములకు దిద్దిరి. చేయి జాఱినగాని గమకము లేదు; గమకము లేనిదే రాగము లేదు. కావున పట్టుకొను తీరు మాఱుటతోనే వాద్యమునకు మన భాష వచ్చినది.

అటుపిమ్మట మన తెలుగునాట ద్వారం వెంకటస్వామినాయుడు గారు వెలసిరి. 1893లో జన్మించిన ఆయన 1919లో విజయనగర సంగీత కళాశాలలో వాయులీనాచార్యులై, 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తరువాత అధ్యక్షులైరి. అంతవరకు గాత్రమునకు వెనుక నడచు ఫిడేలును 1938లో వెల్లూరున సభ ముందు ప్రధానవాద్యముగా నిలిపిరి. అనుచరునిగా నున్న వాద్యము యజమాని స్థానమునకు వచ్చుటకు నూఱేండ్లకు పైబడినది. కొత్తదానిని నిలబెట్టునది తొందరపాటు కాదు, సాధన యని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇప్పుడు విద్యుత్తు మాటకు వత్తము. మామూలు వాయులీనమున కమాను తీగను రాయగా తీగ కదలును. తీగ సన్ననిది గనుక దాని ధ్వని మిక్కిలి స్వల్పము. ఆ కదలిక గుఱ్ఱము ద్వారా కఱ్ఱపెట్టెలోనికి దిగి, పెట్టె పలకలను కదలించి, గాలిని కదలించును. మనము వినునది తీగను మాత్రమే కాదు, పెట్టెను గూడ. విద్యుత్ వాయులీనమునందు పెట్టె యుండనక్కఱలేదు. బోలుగా లేని గట్టి కఱ్ఱ చాలును. గుఱ్ఱము క్రింద నొక చిన్న స్ఫటికఖండ ముండును. ఒత్తిడి తగిలినప్పుడు కొన్ని స్ఫటికములలో స్వల్పముగా విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశపు క్యూరీ సోదరులు కనుగొనిరి. తీగ యెట్లు కదలునో విద్యుత్తు నట్లే హెచ్చి తగ్గును. దానిని పెద్దదిగా చేసి లౌడుస్పీకరునకు పంపినచో ధ్వని యగును. 1973లో మాక్స్ మాథ్యూస్, కోహుట్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పెట్టె చేయు పనిని విద్యున్మార్గములచేతనే చేయించి, ఆ ప్రయోగమును ప్రకటించిరి. అనగా పెట్టెకు బదులు వేఱొక పెట్టె వచ్చినది. తీగయు, కమానును, చేయియు అవియే.

ఈ మార్పు మన సంగీతమునకు హితమగునా యనుటకు మన ఆంధ్రదేశమందే గొప్ప నిదర్శనము కలదు. అది వాయులీనము కాదు, మాండొలిన్. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పశ్చిమ గోదావరి మండలమున పాలకొల్లులో జన్మించెను. మాండొలిన్ పాశ్చాత్య వాద్యము. దానికి జతలు జతలుగా ఎనిమిది తీగలు. మీటినంతనే టింగున మ్రోగి ధ్వని చచ్చును. ధ్వని నిలువనిచోట గమకమునకు తావెక్కడిది? శ్రీనివాస్ జతతీగలను విడిచి ఒంటితీగలను, నాలుగింటికి బదులు అయిదింటిని కట్టి, విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టెను. విద్యుత్తు ఆ అల్పధ్వనిని నిలిపి చూపగా, తీగపై వ్రేలు జాఱునంతసేపు స్వరము బ్రతికియుండెను. ఆయన తొమ్మిదేండ్ల బాలుడుగా 1978లో గుడివాడ త్యాగరాజోత్సవమున వాయించెను. 1998లో పద్మశ్రీ బిరుదు నందెను. 2014లో నలుబది యైదేండ్లకే పరమపదించెను.

ఇందు మనము గమనింపవలసిన సంగతి వేఱొకటి కలదు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించుట రాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు, గాయకులు. గురువు పాడెడివారు; శిష్యుడు విన్నదానిని తీగపై పలికించెడివాడు. కాబట్టి ఆ విద్యుద్వాద్యమునకు ప్రాణము పోసినది విద్యుత్తు కాదు. గురుముఖమున విన్న పాట. విద్యుత్తు దారి యిచ్చినది, నడచినది సంప్రదాయము. ఈ భేదమును మఱువకుండుడు. ముందు దీనితో పని యున్నది.

ధ్వనిని పెద్దది చేయుట ఒక మెట్టు. రెండవ మెట్టు లైవ్ ఎలక్ట్రానిక్స్. ఇక్కడ యంత్రము ధ్వనిని పెంచి ఊరకుండదు. విద్వాంసుడు వాయించుచుండగనే ఆ ధ్వనిని గ్రహించి, మార్చి, మరల సభకు వినిపించును. ముందుగా నింపియుంచిన పాటను వినిపించుట కాదిది. వాయించువాడు ఆపినచో యంత్రమునకు ఆహారము లేదు.

అది చేయు మార్పులలో మొదటిది ప్రతిధ్వని. ఇది మనకు క్రొత్త కాదు. మన ఆర్మూరు గుట్టల నెదుట నిలిచి కేక వేసినచో ఱాయి మరల పలుకును. ధ్వని గాలిలో క్షణమునకు, అనగా సెకనుకు, సుమారు 340 మీటర్లు పోవును. గుట్ట 170 మీటర్ల దూరమున నున్నచో పోయి వచ్చుటకు ఒక సెకను పట్టును. యంత్రము ఆ గుట్టను గదిలోనికి తెచ్చును. విద్వాంసుడు కోరినచో అర సెకను, కోరినచో అయిదు సెకనులు ధ్వనిని దాచి వినిపించును.

రెండవది ఆవృత్తి. భజనలో ముందువాడు ఒక చరణము పాడగా వెనుకవారు దానినే మరల మరల పాడుదురు. ముందువాడు దానిపై సంగతులు వేయును. యంత్రము ఒక చిన్న పలుకుబడిని పట్టి అట్లే త్రిప్పి త్రిప్పి వినిపింపగా, ఒక్క విద్వాంసుడే ముందువాడును వెనుకవాడును అగును.

మూడవది రెండు నాదముల గుణకారము. సెకనుకు 440 మారులు కదలు స్వరమును 100 మారులు కదలు విద్యుత్తుతో గుణించినచో, ఆ రెంటికిని బదులు వాని మొత్తమగు 540యు, భేదమగు 340యు పుట్టును. ఈ కొత్త సంఖ్యలు మొదటి స్వరముతో సామాన్యముగా శ్రుతి కలియవు. అందుచే తీగ పలుకు కంచుగంట పలుకువలె మాఱును. వాయులీనమును వాయించుచుండగా గుడిగంట వినబడుట విన్నవారికి వింతగా నుండును; దాని వెనుక నున్నది కూడికయు తీసివేతయు మాత్రమే.

శాస్త్రము చదివినవారు ఇక్కడ నొక ప్రశ్న వేయుదురు. భరతుడు వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు తెఱగులుగా విభజించెను. తీగ, గాలి, తోలు, లోహము అనునవి వానికి మూలములు. విద్యుత్ వాయులీనము వీనిలో దేనిలో చేరును? తతమునందే యని నా యభిప్రాయము. నాదము పుట్టునది తీగపై, కమాను రాపిడిచేత. తరువాత జరుగునదంతయు సంస్కారము. తీగయు తోలును గాలియు లేకయే విద్యుత్తునుండి పుట్టు నాదము వేఱు. రష్యాలో థెరెమిన్ 1920 ప్రాంతమున చేతితో తాకకయే పలుకు వాద్యమును నిర్మించెను. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లో అమెరికా సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ అను నాదజనక యంత్రమును నెలకొల్పెను. గీతా సారాభాయి మొదలగు భారతీయులు కొందఱు దానిపై ప్రయోగములు చేసిరి. ఆ నాదముద్రణములు యాబదియేండ్లు మఱుగున బడియుండి 2023లో లోకమునకు వినవచ్చినవి. అట్టి వాద్యములకు అయిదవ తెఱగు కల్పింపవలసియుండును. తంత్రిపై పుట్టినదానికి మాత్రము భరతుని యిల్లే చాలును.

చిక్కులు లేవని నేననను. తలుపు తీసినంతమాత్రమున కన్ను మూసికొనరాదు. మొదటి చిక్కు రాగమునకు వచ్చును. మన సంగీతమున ఒక స్వరము పోయి వేఱొక స్వరము వచ్చుటయే సౌందర్యము. తోడిరాగమున గాంధారము నుండి రిషభమునకు దిగినప్పుడు గాంధారము చెవి విడిచిపోవలెను. ప్రతిధ్వని యంత్రము గాంధారమును పోనీయక పట్టియుంచినచో రెండును ఒకదానిపై నొకటి పడి, వచ్చిన అతిథియు వెళ్ళవలసిన అతిథియు గుమ్మమున ఢీకొన్నట్లగును. పాశ్చాత్యులకు పలుస్వరములను కలిపి పలికించుట పరిపాటి గనుక ఇది వారికి అంత బాధ కాదు. మనకు బాధయే. షడ్జమును, పంచమమును యంత్రమున కప్పగింపవచ్చును. అవి తంబురాలో ఎట్లును నిలిచియుండునవే. గమకముతో నూగు స్వరమును అప్పగించునప్పుడు వేయిసారులు ఆలోచింపవలెను.

రెండవ చిక్కు గమకమునకే. కొన్ని యంత్రములు స్వరమును కనుగొని, దగ్గఱనున్న మెట్టునకు దిద్దును. వానికి తెలిసినవి హార్మోనియమువలె పండ్రెండు మెట్లు మాత్రమే. తోడి గాంధారము ఒక మెట్టుపై నిలుచునది కాదు, ఊగునది. యంత్రము దానిని తప్పుగా నెంచి సవరించును. ఒప్పును తప్పుగా దిద్దు ఉపాధ్యాయుని చేతిలో బడిన బాలుని గతియే ఆ రాగమునకు పట్టును.

మూడవ చిక్కు లయకు. ఆదితాళము ఎనిమిది అక్షరములు. అక్షరమునకు ఒక సెకను చొప్పున ఆవర్తము ఎనిమిది సెకనులు. యంత్రమున నొక ఆవర్తమును త్రిప్పనిచ్చినచో అది ఎనిమిది సెకనులకే మరల వచ్చును, వెంట్రుకవాసి తప్పదు. మనుష్యుడు అట్లు కాడు. సభ వేడెక్కినకొలది అతని నడక ఇంచుక సాగును, ఇంచుక బిగియును. మృదంగ విద్వాంసుడు కన్నులలోనికి చూచి దానిని పసిగట్టి వెంట నడచును. త్రిప్పుడు యంత్రము చూడదు. దాని వెంట విద్వాంసుడే పరుగెత్తవలెను. అప్పుడు యజమాని యెవరు, సేవకుడెవరు?

ఈ ప్రశ్న నూతన సంగీతమును చేయువారికిని తోచకపోలేదు. ఫ్రాన్సు దేశమున పియరె బూలే అను ప్రసిద్ధ సంగీతకర్త 1997లో ఆంథెమ్స్ 2 అను కృతిని ఒంటి వాయులీనమునకును లైవ్ ఎలక్ట్రానిక్స్‌కును రచించెను. అందు కంప్యూటరు వాయులీనమును వినుచు, వాయించువాడు కృతిలో ఎంతవఱకు వచ్చినాడో కనిపెట్టుచు, అతని నడకకు తన పనిని సరిపెట్టుకొనును. అతడు ఆగినచో అది వేచియుండును. మృదంగ విద్వాంసుని గుణమును యంత్రమునకు నేర్పుటకు చేసిన యత్నమిది. మన శ్రీనివాస్ 1995లో కెనడా దేశపు మైకేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అను నాదముద్రణమును వెలువరించెను. బ్రూక్ తన గిటారు తీగ చాల సేపు మ్రోగుచునే యుండునట్లు విద్యుత్తుతో యుక్తి పన్నినవాడు. ఎడతెగక నిలుచు ఆ నాదము మన తంబురాకు దూరపు బంధువు. అట్టి సాంగత్యము మాండొలిన్ గమకమునకు అడ్డు రాదు.

మనము పసుపు పండించువారము గనుక ఒక పోలిక చెప్పెదను. పచ్చి పసుపును త్రవ్వి, ఉడికించి, దినముల తరబడి ఎండబెట్టి, డ్రమ్ములో వేసి త్రిప్పి మెఱుగుపెట్టి, కాడి యనియు గోల యనియు వేఱు చేసి అంగడికి తెత్తుము. మెఱుగుపెట్టుటకు నేడు కరెంటు మోటారు వాడినంతమాత్రమున అది పసుపు కాకపోదు. పైపొట్టు రాలును, లోని రంగు దానిదే. అదియే పొడిలో వేఱొక రంగు కలిపినచో కంటికి నిగనిగలాడినను అది కల్తీ. మొదటిది సంస్కారము, రెండవది మోసము. విద్యుత్తు చేసిన పని ఈ రెంటిలో ఏదియో చూడవలెను. లోపల పసుపు కలదా లేదా? సంగీతమున పసుపు అనగా వాయించువాని చేయియు, వినుచున్న అతని చెవియు.

ఇప్పుడు మన గుడులకు వత్తము. నేడు అనేక దేవాలయములలో హారతి వేళ మీట నొక్కినంతనే గంటలును డోలును వానియంతట అవియే మ్రోగు మోటారు యంత్రములున్నవి. మంచి ఇత్తడి గంటలు, గట్టి తోలు. భరతుడు చెప్పిన ఘనమును అవనద్ధమును అక్కడనే యున్నవి. వాయించువాడు లేడు. పల్లెలలో తరతరములుగా సన్నాయియు డోలును పట్టిన కుటుంబములవారు ఆ మీటవలన వాకిటనే నిలిచిపోయిరి. వారికిచ్చు ధాన్యము మిగిలినదని లెక్క వ్రాసికొంటిమి. ఏ దినమున దేవునికి ఏ రాగము వినిపింపవలెనో ఎఱిగిన చెవి పోయినదని ఏ లెక్కలోను వ్రాసికొనలేదు. పండుగ ఊరేగింపులలో గుండె లదరగొట్టు డీజే పెట్టెలును ఈ తెగవే. అక్కడ ధ్వని కలదు, దానిని వినుచు నడపు విద్వాంసుడు లేడు.

చిత్రమేమన, గుడిలోని ఆ యంత్రమును సంప్రదాయమని ఒప్పుకొందుము. ఒక పిల్లవాడు విద్యుత్ వాయులీనమును చేతపట్టినచో అపచారమందుము. నా బుద్ధికి తీర్పు తలక్రిందుగా నున్నది. మొదటిదానియందు వాద్యము పాతది, మనుష్యుడు మాయమైనాడు. రెండవదానియందు వాద్యము కొత్తది, మనుష్యుడు ఉన్నాడు. సంప్రదాయమనునది కఱ్ఱలో లేదు, తోలులో లేదు. ఒకరి నోట విని ఒకరు నేర్చుటలో నున్నది. పాలకొల్లు బాలుని కథ మనకు చెప్పినది ఇదియే.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ యింటి పిల్ల యెవరైన ఇట్టి వాద్యమును కోరినచో కాదనకుడు. అయితే ముందుగా మామూలు వాయులీనముపై, తంబురా శ్రుతిలో, సరళీ వరుసలనుండి గురువు నెదుట కొన్నియేండ్లు సాధన చేయుమనుడు. తీగపై తప్పును యంత్రము దాచగలదు గనుక, దాచనిచోట మొదట నేర్వవలెను. అట్టి కచేరి మీ యూరికి వచ్చినప్పుడు వెనుక కూర్చుండక ముందుకు వచ్చి వినుడు. వాయించువాడు ఆపినప్పుడు యంత్రమేమి చేయుచున్నదో, అతడు నడక మార్చినప్పుడు అది వెంట వచ్చుచున్నదో లేదో, ప్రతిధ్వనిలో రాగము నిలిచినదో కరగిపోయినదో చూడుడు. ఈ పరీక్షకు సంగీతశాస్త్రము చదువనక్కఱలేదు. భజనలో గొంతు కలిపినవారి చెవి చాలును.

గుడి కమిటీలోనివారు వచ్చే పండుగకు ముందు ఒకసారి ఆ మీట నాపి, ఊరిలో సన్నాయి పట్టగలవారు ఇంకను ఎవరున్నారో విచారింపుడు. ఉన్నచో పిలిచి, తగిన గౌరవమిచ్చి, హారతికి వాయింపుమనుడు. వారి గాలి చాలక ధ్వని దూరము పోనిచో ఎదుట నొక మైకు పెట్టుడు. ఆ విద్యుత్తుతో నాకే విరోధమును లేదు.